మనం తీసుకోని లోన్ మన పాన్ మీద కనబడితే: ఏది ముందు, ఏది తర్వాత

1. రుణవిముక్తి

"క్రెడిట్ రిపోర్టులో నాది కాని పర్సనల్ లోన్ ఉంది, ఏం చేయాలి?" అన్న ప్రశ్న ఈ ఫోరంలో వేర్వేరు చర్చల్లో పదే పదే వస్తోంది. జవాబులు చెల్లాచెదురుగా ఉన్నాయి, కొన్ని తప్పు కూడా. అందుకే అన్నీ ఒకచోటికి తెస్తున్నాను. తెలిసినవాళ్లు కలపండి, తప్పులుంటే సరిదిద్దండి.

అందరూ మొదట చేసే పని సిబిల్‌లో (మన అప్పుల చరిత్ర నమోదు చేసే క్రెడిట్ బ్యూరోల్లో ఒకటి) డిస్ప్యూట్, అంటే అభ్యంతరం, పెట్టి ఎదురుచూడటం. బ్యూరో తనంతట తాను రికార్డు మార్చదు. అప్పిచ్చిన సంస్థను అడుగుతుంది, వాళ్లు "మా లెక్క సరైనదే" అంటే ఆ ఎంట్రీ అలాగే ఉండిపోతుంది. ఆ సంస్థ దగ్గరున్నది మన పాన్, మన ఆధార్ కాపీ, మన పేరుతో సంతకం పెట్టిన ఒప్పందం. వాళ్ల కంటికి అది నిఖార్సైన లోనే. కాబట్టి అసలు పోరు లోన్ ఇచ్చిన బ్యాంకుతోనో ఎన్‌బీఎఫ్‌సీతోనో (బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ). బ్యూరో డిస్ప్యూట్ దానితో పాటు నడవాలి, దానికి బదులుగా కాదు.

మొదటి రోజే నాలుగు రిపోర్టులూ దించుకోండి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఒక్కో బ్యూరో ఉచితంగా ఇవ్వాల్సిందే, ఇది రిజర్వ్ బ్యాంక్ నిబంధన. సంస్థలు నాలుగింటికీ డేటా పంపాలి గానీ అన్నిచోట్లా ఒకేలా, ఒకేసారి కనబడదు. సిబిల్‌లో లేదని ఊపిరి పీల్చుకున్న లోన్ క్రిఫ్‌లో బయటపడొచ్చు.

రిపోర్టులో స్కోరు కన్నా ముందు మూడు చోట్లు చూడండి. ఖాతాల జాబితా సరే. దాని కింద ఎంక్వైరీల జాబితా: మీరు దరఖాస్తు చేయని సంస్థ పేరు అక్కడుంటే ఎవరో ప్రయత్నించారన్నమాట, లోన్ రాకపోయినా సరే. ఇక చిరునామాలు, ఫోన్ నంబర్ల భాగం. చాలామంది దాన్ని చదవనే చదవరు. మోసగాడు ఇచ్చిన నంబరో ఈమెయిలో చాలాసార్లు అక్కడే నమోదై ఉంటుంది, పోలీసులకు అదే మొదటి ఆధారం.

2. గోదారిగాలి

ఒక మాట కలుపుతాను. తెలియని ఖాతా కనబడిన ప్రతిసారీ అది దొంగతనం కాదు. పాన్ టైపు చేయడంలో ఒక అక్షరం తప్పి, అదే పేరు, అదే పుట్టినతేదీ ఉన్న ఇంకొకరి ఖాతా మన ఫైలులో కలిసిపోతుంది. తేడా పట్టుకోవడం ఇలా: లోన్ పాతదై, ఏళ్ల తరబడి కిస్తులు సక్రమంగా కట్టినట్టు ఉంటే అది దాదాపుగా ఫైళ్ల కలగాపులగమే. దొంగ కిస్తులు కట్టడు, కట్టినా ఒకటి రెండు. అలాంటప్పుడు పోలీసుల దాకా వెళ్లక్కర్లేదు. "ఈ ఖాతా యాజమాన్యం నాది కాదు" అన్న రకం డిస్ప్యూట్ చాలు, సంస్థ తన రికార్డులో పాన్ సరిచూసుకుంటే తేలిపోతుంది.

ఇంకొకటి. రిపోర్టులో లోన్ యాప్ పేరు ఉండదు, దాని వెనకున్న ఎన్‌బీఎఫ్‌సీ పేరు ఉంటుంది. కాబట్టి పేరు కొత్తగా కనబడగానే "నాది కాదు" అని పెట్టేయకండి. మీరు నిజంగా వాడిన ఏ కొనుగోలు యాప్‌లోనో "తర్వాత చెల్లించు" సదుపాయం తీసుకుని ఉంటే అదీ లోన్‌గానే నమోదవుతుంది.

3. చిరునవ్వు

లోన్ ఇచ్చిన సంస్థకు రాసే ఉత్తరంలో ఏమేం ఉండాలి? "ఈ లోన్ నాది కాదు" అని కస్టమర్ కేర్‌కు మెయిల్ పెడితే "మీ అభ్యర్థన నమోదైంది" అన్న యాంత్రికమైన జవాబు వచ్చి ఆగిపోతుంది.

4. రుణవిముక్తి

చిరునవ్వు గారూ, అలా ఆగిపోవడానికి కారణం ఆ మెయిల్‌లో అడిగింది ఏమీ లేకపోవడమే. కస్టమర్ కేర్‌తో పాటు సంస్థ వెబ్‌సైట్‌లో ఉండే గ్రీవెన్స్ లేదా నోడల్ అధికారి ఐడీకి పంపండి. విషయం లైనులోనే లోన్ ఖాతా నంబరు, "గుర్తింపు దుర్వినియోగం, మోసపూరిత లోన్" అన్న మాటలు ఉండాలి.

లోపల నిర్దిష్టంగా అడగాల్సినవి: దరఖాస్తు ప్రతి, సమర్పించిన కేవైసీ పత్రాలు, సెల్ఫీ లేదా వీడియో కేవైసీ రికార్డింగు, దరఖాస్తులో వాడిన మొబైల్ నంబరు, ఈమెయిల్, ఐపీ చిరునామా, ఒప్పందం మీద ఈ-సంతకం ఆడిట్ వివరాలు, కిస్తుల కోసం పెట్టిన ఆటో డెబిట్ మ్యాండేట్ ఏ బ్యాంకుదో. అన్నిటికన్నా బలమైనది ఒకటుంది: లోన్ డబ్బు ఏ ఖాతాలో పడింది, ఆ లావాదేవీ యూటీఆర్ నంబరు (బ్యాంకు ప్రతి బదిలీకి ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఎంత. సెల్ఫీలో ఉన్నది మీరు కాదని వాదించొచ్చు, వాళ్లు కాదనొచ్చు. డబ్బు మీ చేతికి రాలేదన్న సంగతి మాత్రం ఆ ఒక్క ఖాతా నంబరుతో తేలిపోతుంది.

అందులో కొన్ని ఇవ్వడానికి "మూడో వ్యక్తి సమాచారం" అని నిరాకరిస్తారు. అప్పుడు "ఈ రికార్డులన్నీ చెరపకుండా భద్రపరచండి, దర్యాప్తు అధికారి అడిగినప్పుడు ఇవ్వండి" అని రాతపూర్వకంగా కోరండి. తర్వాత పోలీసులు బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 94 కింద నోటీసిచ్చి తెప్పించుకోగలరు.

జతచేయాల్సినవి: రిపోర్టులో ఆ ఖాతా ఉన్న పేజీ, సైబర్ క్రైమ్ ఫిర్యాదు రసీదు, సంతకం చేసిన ఉత్తరం. ఐడీ కాపీ అడిగితే దాని మీద అడ్డంగా "ఫలానా సంస్థకు మోసం ఫిర్యాదు కోసం మాత్రమే" అని తేదీతో రాసి ఇవ్వండి. మోసం మీద ఫిర్యాదు చేస్తూ మళ్లీ శుభ్రమైన కాపీలు పంచిపెట్టొద్దు.

5. లెడ్జర్

డబ్బు పడిన ఖాతా గురించి ఇంకాస్త. డిజిటల్ లోన్ల నిబంధనల ప్రకారం సొమ్ము అప్పు తీసుకున్న మనిషి బ్యాంకు ఖాతాలోకే వెళ్లాలి. అందుకని ముఠాలు చాలాసార్లు ముందు బాధితుడి పేరు మీదే ఒక బ్యాంకు ఖాతా తెరుస్తాయి, తర్వాతే లోన్‌కు వెళ్తాయి. అంటే మీకు తెలిసింది ఒక్క లోనే అయినా, వెనక మీ పేరు మీద ఒక ఖాతా నడుస్తూ ఉండొచ్చు. అందులో ఇతరులను మోసం చేసిన సొమ్ము తిరిగితే రేపు నోటీసు వచ్చేది మీకే. లోన్ కన్నా ఇది ప్రమాదం.

దాన్ని వెతకడానికి రెండు చోట్లున్నాయి. మైఆధార్ పోర్టల్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూడండి. ప్రభుత్వ సొమ్ము పడటానికి ఆధార్‌తో ముడిపడిన ఒక్క బ్యాంకునే అది చూపిస్తుంది. అక్కడ మీకు తెలియని బ్యాంకు ఉంటే వెంటనే పట్టుకోవాలి, తెలిసిన బ్యాంకే ఉందంటే మాత్రం ఇంకెక్కడా ఖాతా లేదని అర్థం కాదు. రెండోది ఆదాయపు పన్ను పోర్టల్‌లోని ఏఐఎస్, అంటే వార్షిక సమాచార నివేదిక. మీ పాన్ మీద ఏ బ్యాంకు వడ్డీ చూపించినా, ఎవరు జీతం చెల్లించినట్టు చూపినా అక్కడ కనబడుతుంది. తప్పుడు ఎంట్రీ పక్కనే ఫీడ్‌బ్యాక్ మీట ఉంటుంది. "సమాచారాన్ని నిరాకరిస్తున్నాను" అన్నది ఎంచుకోండి, ఊరకే వదిలేస్తే పన్ను శాఖ దాన్ని మీ ఆదాయంగానే చూస్తుంది.

అదే ఊపులో జీఎస్టీ పోర్టల్‌లో "పాన్‌తో వెతుకు" అన్న చోట మీ పాన్ కొట్టి చూడండి. లాగిన్ అక్కర్లేదు. దొంగ బిల్లుల వ్యాపారానికి అమాయకుల పాన్‌లతో రిజిస్ట్రేషన్లు తీసుకోవడం కొత్తేమీ కాదు, పన్ను డిమాండు నోటీసు చేతికి వచ్చేదాకా చాలామందికి తెలియదు కూడా.

6. సెక్షన్_సుబ్బు

పోలీసు భాగం నేను రాస్తాను.

ఖాతాలోంచి డబ్బు పోయి ఉంటే ఆలస్యం లేకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆ సొమ్ము ఇంకా ఏదో ఒక ఖాతాలో ఉన్నంతసేపే ఆపడం సాధ్యం, అందుకే మొదటి గంటలు అంత విలువైనవి. డబ్బు పోలేదు, పేరు మీద లోన్ మాత్రమే పుట్టింది అంటే జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేసి, దాని ప్రింటుతో స్టేషనుకు వెళ్లండి.

ఇక్కడ చాలామంది పొరబడేది: పోర్టల్ ఇచ్చే రసీదు నంబరు ఎఫ్‌ఐఆర్ కాదు. కొన్ని సంస్థలు రసీదుతోనే కదులుతాయి, కొన్ని ఎఫ్‌ఐఆర్ లేనిదే ఫైలు ముట్టవు. కాబట్టి ఎఫ్‌ఐఆర్ కోసమే అడగండి. ఐటీ చట్టం 2000లో సెక్షన్ 66సి నేరుగా గుర్తింపు దొంగతనానిదే: మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. 66డి కంప్యూటర్ సాధనాలతో ఇంకొకరిలా నటించి మోసగించడం. వీటితో పాటు భారతీయ న్యాయ సంహితలో 318(4), 319(2), నకిలీ పత్రాలుంటే 336, 340. సెక్షన్లు మీరు రాయాల్సిన పని లేదు, తెలిసి ఉంటే సంభాషణ సూటిగా సాగుతుంది.

"లోన్ ముంబై కంపెనీది, మా పరిధి కాదు" అంటే బీఎన్‌ఎస్‌ఎస్ 173 ప్రకారం నేరం ఎక్కడ జరిగినా సమాచారం తీసుకోవాల్సిందేనని మర్యాదగా చెప్పండి, దాన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లోపు వెళ్లి సంతకం పెట్టాలి, లేకపోతే అది నమోదు కాదు. ఇంకా నిరాకరిస్తే 173(4) కింద ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టు, ఆ తర్వాత మేజిస్ట్రేటు.

7. పల్లెటూరి_పంతులు

చిన్న మొత్తం అయితే, మూడు నాలుగు వేల లోన్ అయితే, కట్టేసి వదిలించుకుంటే పోదా? ఇంత తిరుగుడు ఎందుకు?

8. రుణవిముక్తి

వద్దు పంతులు గారూ. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. కట్టిన క్షణం ఆ అప్పు మీదేనని మీరే ఒప్పుకున్నట్టు అవుతుంది. తర్వాత "మోసం" అంటే సంస్థ చూపించే మొదటి కాగితం మీ చెల్లింపు రసీదే. పైగా కట్టినా ఎంట్రీ పోదు, "క్లోజ్డ్" అని ఏళ్ల తరబడి ఉంటుంది. తక్కువకు బేరమాడి కడితే "సెటిల్డ్" అని పడుతుంది. బ్యాంకులు ఆ మాటను చూసే తీరు వేరు, రేపు ఇంటి లోన్‌కు వెళ్తే దాని బరువు తెలుస్తుంది. పైగా చిన్న లోన్ తరచుగా పరీక్ష మాత్రమే. అది దాటితే అదే పాన్‌తో పెద్దవాటికి వెళ్తారు.

సంస్థ ఒప్పుకున్నాక ఇచ్చే కాగితం విషయంలోనూ ఇంతే జాగ్రత్త. "నో డ్యూస్" సర్టిఫికెట్ ఇస్తామంటారు. అది బాకీ ఉండి తీర్చినవాళ్లకు ఇచ్చేది. మీకు కావాల్సింది వేరే ఉత్తరం: ఈ ఖాతా మోసంతో తెరిచినది, ఖాతాదారుకు ఎలాంటి బాధ్యతా లేదు, నాలుగు బ్యూరోల నుంచీ ఈ ఎంట్రీనీ దాని ఎంక్వైరీనీ తొలగించమని సమాచారం పంపాం అని. "తొలగింపు" అన్న మాట ఉండాలి. "క్లోజ్ చేశాం" సరిపోదు.

9. లెడ్జర్

గడువుల సంగతి. బ్యూరోలోగానీ సంస్థలోగానీ సవరణ కోరిన రోజు నుంచి 30 క్యాలెండర్ రోజుల్లో పరిష్కారం కావాలి. దాటితే రోజుకు ₹100 పరిహారం. రిజర్వ్ బ్యాంక్ 2023 అక్టోబరులో ఇచ్చిన ఈ ఆదేశం 2024 ఏప్రిల్ 26 నుంచి అమల్లో ఉంది. ఆ 30లో 21 రోజులు అప్పిచ్చిన సంస్థవి. అది 21 దాటిస్తే పరిహారం దానిదే, అది సకాలంలో చెప్పినా బ్యూరో మార్చకపోతే బ్యూరోది. అందుకే ఇద్దరికీ ఒకే రోజు ఫిర్యాదు పెట్టండి, తేదీల స్క్రీన్‌షాట్లు ఉంచండి. సిబిల్ డిస్ప్యూట్‌కు రిపోర్టు మీదుండే కంట్రోల్ నంబరు కావాలి.

తిరస్కరిస్తే కారణం చెప్పాలి. కారణం నచ్చకపోయినా, 30 రోజులు దాటినా రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్ (ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి, రిజర్వ్ బ్యాంక్ ఫిర్యాదుల పోర్టల్ సీఎంఎస్ ద్వారా వెళ్లండి. రుసుము లేదు, లాయరు అక్కర్లేదు, బ్యూరోలు కూడా దాని పరిధిలోనే ఉన్నాయి. సంస్థకు ముందు ఫిర్యాదు చేసిన రుజువు లేకుండా వెళ్తే మాత్రం గుమ్మంలోనే తిప్పి పంపుతారు. ఎక్కువ ఫిర్యాదులు పడిపోయేది ఇక్కడే.

10. చిరునవ్వు

ఈలోపు రికవరీ ఏజెంట్లు ఫోన్లు చేస్తుంటే?

11. సెక్షన్_సుబ్బు

ఫిర్యాదు నంబరు, ఎఫ్‌ఐఆర్ నంబరు ఒక్క సందేశంలో పంపి, ఇకపై రాతపూర్వకంగానే మాట్లాడతానని చెప్పండి. ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయడం రిజర్వ్ బ్యాంక్ నిబంధనలకు విరుద్ధం, బంధుమిత్రులకు ఫోన్ చేసి పరువు తీయడమూ అంతే. కాల్ వివరాలు దాచి సంస్థ నోడల్ అధికారికి, తర్వాత అంబుడ్స్‌మన్‌కు అదే ఫైలులో కలపండి. ఫోన్లో "సరే చూస్తాను, కొంచెం టైం ఇవ్వండి" అనకండి. అది రికార్డవుతుంది.

12. మూడోకన్ను

తొలగించడం గురించి బాగా వచ్చింది. ఇక ఆపడం గురించి. నా అభిప్రాయం సూటిగా చెప్తాను: పాన్, ఆధార్ నంబర్లను రహస్యంగా కాపాడుకోవడం మీద శక్తి పెట్టొద్దు. అవి ఇప్పటికే హోటళ్లలో, జిరాక్స్ షాపుల్లో, పాత ఉద్యోగాల ఫైళ్లలో ఉన్నాయి, మార్చుకోవడం కుదరదు. నంబరు తెలిసినంత మాత్రాన పని జరగకుండా చూడటమే మన చేతిలో ఉంది. అంటే ఓటీపీ, వేలిముద్ర, ఈమెయిల్ అనే మూడు తలుపులు.

వేలిముద్ర ముందు. ఆధార్ ఆధారిత చెల్లింపులో మీ బ్యాంకు పేరు, ఆధార్ నంబరు, వేలిముద్ర ఉంటే చాలు, పిన్ లేదు, ఓటీపీ లేదు. భూముల రిజిస్ట్రేషన్ పత్రాల కాపీల్లోంచి ముద్రలు తీసి, వాటితో సిలికాన్ అచ్చులు చేసి డబ్బు లాగిన కేసులు మన రెండు రాష్ట్రాల్లోనూ నమోదయ్యాయి. మందు చాలా తేలిక: మైఆధార్‌లో బయోమెట్రిక్ లాక్. అవసరమైనప్పుడు కాసేపు తెరుచుకుని వాడుకోవచ్చు.

ఓటీపీ తలుపు అంటే సిమ్. ఫోన్‌లో ఉన్నట్టుండి నెట్‌వర్క్ పోయి, పక్కవాళ్లకు అదే కంపెనీ సిగ్నల్ ఉంటే ఆగకండి, వేరే ఫోన్ నుంచి ఆపరేటర్‌కు ఫోన్ చేసి డూప్లికేట్ సిమ్ జారీ అయిందా అని అడగండి. సిమ్ మారాక 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు ఆగుతాయి, ఆ సమయం మీకు దొరికిన అవకాశం. బ్యాంకుల్లో నెట్ బ్యాంకింగ్, యూపీఐ స్తంభింపజేయడానికి అది వాడుకోండి.

టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లో మీ పేరు మీద ఎన్ని మొబైల్ కనెక్షన్లున్నాయో చూడండి. తెలియనిదాన్ని "నా నంబరు కాదు" అని గుర్తించండి. మీరే వదిలేసిన పాతదైతే "అవసరం లేదు" అనండి, రెండూ వేరు. వదిలేసిన నంబరు 90 రోజుల తర్వాత ఇంకొకరికి వెళ్లొచ్చు. ఆధార్‌లోనో బ్యాంకులోనో ఆ పాత నంబరే ఉంటే మీ ఓటీపీలు వాళ్ల ఫోన్‌కు పోతాయి. నంబరు వదలకముందే అన్నిచోట్లా మార్పించాలి.

13. గోదారిగాలి

బయోమెట్రిక్ లాక్ చేస్తే లోన్ మోసం ఆగదు, మూడోకన్ను గారూ. ఇది స్పష్టంగా ఉండాలి, లేకపోతే జనం అది చేసి నిశ్చింతగా ఉంటారు. లోన్ యాప్‌లు వాడేది ఓటీపీ. దాన్ని ఆపాలంటే ఆధార్ నంబరునే లాక్ చేయాలి. దానికి ముందు 16 అంకెల వర్చువల్ ఐడీ సృష్టించుకోవాలి, లాక్ తర్వాత ధ్రువీకరణ దానితోనే జరుగుతుంది, తెరవడానికీ అదే కావాలి. పింఛను, రేషన్ కోసం నెలనెలా ఆధార్ నంబరుతో ముద్ర వేసేవాళ్లకు ఈ రెండు తాళాలూ ఇబ్బంది పెడతాయి. ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పకుండా పెట్టేయకండి.

ఇంకో విషయం, అత్యవసరం: ఆధార్ ధ్రువీకరణ చరిత్ర ఆరు నెలల వరకే, అదీ 50 ఎంట్రీల దాకా చూపిస్తుంది. లోన్ పుట్టిన తేదీన ఎవరు, ఏ పద్ధతిలో, ఎన్ని గంటలకు ధ్రువీకరించారో అందులో ఉంటుంది. ఆ రోజు ఏమీ లేదంటే సంస్థ మీ ఆధార్ ఓటీపీ లేకుండానే కాపీల మీద లోన్ ఇచ్చిందని అర్థం, అది మీ ఉత్తరంలో పెద్ద ఆయుధం. ఓటీపీతో జరిగినట్టు ఉంటే మీ ఫోనో సిమ్మో చేజారిందన్నమాట, అప్పుడు ముందు ఆ సంగతి చూడాలి. ఏ సంగతైనా ఇవాళే దించి దాచుకోండి.

14. మూడోకన్ను

నిజమే, మంచి మాట కలిపారు. ఫోన్ చేజారడం అంటే చాలావరకు వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలు (నొక్కితే ఫోన్‌లో యాప్‌గా ఇన్‌స్టాల్ అయ్యేది): పెళ్లి పత్రిక, ట్రాఫిక్ చలానా, బ్యాంకు కేవైసీ పేరుతో. అది ఎస్సెమ్మెస్ అనుమతి తీసుకుని వచ్చే ప్రతి ఓటీపీనీ బయటికి పంపుతుంది. అలాంటి ఫోన్‌లో కూర్చుని పాస్‌వర్డ్‌లు మారిస్తే కొత్తవి కూడా వాళ్లకే చేరుతాయి. కాబట్టి వరస ఇది: ముందు డేటా, వైఫై ఆపండి, సిమ్ తీసి మామూలు ఫోన్‌లో వేయండి. తర్వాత నమ్మకమైన వేరే కంప్యూటర్ నుంచి ఈమెయిల్ పాస్‌వర్డ్ మార్చి, అన్ని పరికరాల నుంచీ లాగౌట్ చేయండి. ఈమెయిల్‌లో ఫార్వర్డింగ్, ఫిల్టర్లు, రికవరీ నంబరు తప్పక చూడండి. పాస్‌వర్డ్ మార్చినా ఫార్వర్డింగ్ మిగిలితే దొంగ లోపలే ఉన్నట్టు. ఆ తర్వాతే బ్యాంకులు. పాడైన ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేసేముందు ఆ ఏపీకే, ఆ సందేశం స్క్రీన్‌షాట్లు తీసుకోండి, ఫిర్యాదుకు కావాలి.

15. పల్లెటూరి_పంతులు

జిరాక్స్ ఇవ్వక తప్పని చోట ఏం చేయాలి?

16. గోదారిగాలి

చివరి నాలుగంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. ఈ-ఆధార్ పీడీఎఫ్‌ను మాత్రం "పాస్‌వర్డ్ ఉందిగా" అని పంపకండి. ఆ పాస్‌వర్డ్ పేరులోని మొదటి నాలుగు ఇంగ్లీషు పెద్దక్షరాలు, పుట్టిన సంవత్సరం. మీ పేరూ వయసూ తెలిసిన ఎవరైనా తెరవగలరు. జిరాక్స్ మీద ప్రయోజనం, తేదీ, ఇచ్చిన చోటు ఫోటో మీదుగా, అంకెల మీదుగా పోయేలా రాయండి. మూలన రాస్తే కత్తిరించేస్తారు. షాపు కంప్యూటర్లో ప్రింటు తీయించారా, డౌన్‌లోడ్స్‌లోంచీ రీసైకిల్ బిన్‌లోంచీ తీయించి కదలండి.

17. లెడ్జర్

అంతా అయ్యాక రిపోర్టు మళ్లీ ఎప్పుడు చూడాలని ఇద్దరు ప్రైవేటుగా అడిగారు, ఇక్కడే చెప్తాను. 2025 జనవరి నుంచి సంస్థలు కనీసం పదిహేను రోజులకోసారి బ్యూరోలకు డేటా పంపాలి. కాబట్టి తొలగింపు ఉత్తరం వచ్చిన నెల తర్వాత నాలుగూ చూడండి, మూడు నాలుగు నెలలకు మళ్లీ ఒకసారి. ఆ సంవత్సరం ఉచిత రిపోర్టు అయిపోతే డబ్బు కట్టైనా సరే. ఎందుకంటే సంస్థలు మొండి బకాయిలను గుత్తగా వేరే కంపెనీలకు అమ్ముతాయి, మీ ఎంట్రీ ఆ మూటలో ముందే వెళ్లిపోయి ఉంటే కొత్త పేరుతో తిరిగి వస్తుంది. అప్పుడు మొదటి నుంచీ మొదలుపెట్టక్కర్లేదు. పాత సంస్థ ఇచ్చిన ఉత్తరం, ఎఫ్‌ఐఆర్ ప్రతి కొన్న కంపెనీకి పంపి, అదే రోజు బ్యూరోలో డిస్ప్యూట్ పెట్టండి. 30 రోజుల లెక్క ఆ రోజు నుంచి మళ్లీ మొదలవుతుంది.